పులి కార్డు, గడ్డం కత్తి

మా వీధి మూల సెలూన్ నడిపే ఆయన్ని అందరూ వెన్నచెయ్యి అంటారు. ఆయన తోలుపట్టీ మీద కత్తి నూరే చప్పుడు వింటేనే సగం గడ్డం రాలిపోయేదంటే మా ఆవిడ నమ్మదు. అబద్ధమాడితే నాలుక మీద నల్లమచ్చ పడుతుందని కాన్వెంటులో సిస్టర్లు చెప్పారు. ఇప్పుడే అద్దంలో చూసుకున్నాను, శుభ్రంగానే ఉంది.

ఆ చెయ్యి ఈమధ్య వణకడం మొదలుపెట్టింది. ఎవరూ పైకి అనలేదు. "ఇవాళ్టికి జుట్టు చాలులే" అని కుర్చీలోంచి లేచిపోయేవారు. నేను స్నేహం చెడకుండా గడ్డం పెంచేసి, అడిగినవాళ్ళకి ఫ్యాషన్ అన్నాను.

ఆయన కూతురిదీ అదే పని. జుట్టు కత్తిరించడంలో తండ్రిని మించింది. గడ్డం కత్తి మాత్రం ఆయన ముట్టుకోనివ్వడు. ఆ పిల్ల ఇంట్లో బెలూన్లకి నురుగు రాసి గీయడం నేర్చుకుంది. మొదట్లో వాళ్ళింట్లోంచి టపటపా పేలుళ్ళు వినిపించేవి. ఇప్పుడు అంతా నిశ్శబ్దం. ఎదురుగా కొత్తగా పెట్టిన అద్దాల సెలూన్ వాళ్ళు తనకి కత్తి ఇస్తామన్నారు. సోమవారం జవాబు చెప్పాలి. ఆమె వెళితే ఈ సెలూన్‌కి తాళమే.

గిరాకీ లేని మధ్యాహ్నాలు తండ్రీకూతుళ్ళు ఒక ఆట ఆడేవారు. అయిదు వరసల గళ్ళు. చెరోవైపు ఒక గురువు, నలుగురు శిష్యులు, అందరూ కుస్తీకి సిద్ధం. ఎదుటి గురువుని కొడితే గెలుపు. ఎలా నడవాలో జంతువుల బొమ్మల కార్డులు చెబుతాయి. చెరో రెండు, పక్కన ఒకటి. వాడిన కార్డు పక్కన పెట్టి, అక్కడున్నది తీసుకోవాలి. అంటే నువ్వు వాడిన ఎత్తు కాసేపట్లో ఎదుటివాళ్ళ చేతికి పోతుంది. ఆట కిటుకంతా అదే.

వెన్నచెయ్యికి పులి కార్డు వచ్చిందంటే మరి వాడడు. ముందుకి రెండు గళ్ళు దూకుతుంది, వెనక్కి ఒకటి. అంత మంచిది కూతురికి పోతుందని దాచుకునేవాడు. దాచుకుని ఓడిపోయేవాడు.

ఆదివారం నేను బెంచీ మీద కూర్చుని చూస్తున్నాను.

"నాన్నా, నీ దగ్గర ఆడటానికి ఉన్నది ఒకటే కార్డు. ఏం చేస్తావో నాకు ముందే తెలిసిపోతోంది."

"ఒకటి కాదే, రెండు!"

"దాచుకున్నది లెక్కలోకి రాదు."

గళ్ళమీద ఆయన గురువు చిక్కులో పడ్డాడు. ఒక గడి వెనక్కి జరిగితేనే బతుకుతాడు. వెన్నచెయ్యి నావైపు చూశాడు. నేను గడ్డం గోక్కున్నాను. చివరికి పులిని వాడి బతికిపోయాడు. రెండు ఎత్తుల తర్వాత అదే పులితో కూతురు దూకి గురువుని కొట్టేసింది.

"నా పులితోనే నన్ను కొట్టావు కదే!"

"నువ్విచ్చిందేగా."

ఆయన నవ్వబోయి ఆగాడు. అల్మరాలో ఉన్న కత్తి వంక చూశాడు. "అదీ ఇచ్చేస్తే నాకేం మిగుల్తుందే?"

"ఇన్నాళ్ళు ఆడి రూలు మర్చిపోయావా? ఇచ్చాక పక్కనున్నది తీసుకోవాలి."

పక్కనున్నది నురుగు బ్రష్. ఆయన కత్తి తీసి పిడి ఆమె వైపు తిప్పి అందించి, బ్రష్ పట్టుకున్నాడు.

"కుర్చీ ఎక్కు పెద్దాయనా."

"నాది ఫ్యాషనయ్యా!"

"నా చెయ్యి చూసి పారిపోయావని నాకు తెలీదనుకున్నావా? కూర్చో."

కూర్చున్నాను. వణికే చెయ్యి తెప్పించినంత నురుగు ఈ భూమ్మీద ఏ చెయ్యీ తెప్పించలేదు. ముక్కు, చెవులు మునిగి అద్దంలో నా బదులు మబ్బు కనిపించింది. ఆ మబ్బులోకి కత్తి దిగింది. నేను చదువుకున్న ప్రార్థనలన్నీ గుర్తొచ్చాయి. మూడోది పూర్తయ్యేలోపే గడ్డం అయిపోయింది.

వెన్నచెయ్యి నా బుగ్గ మీద బొటనవేలితో ఎదురు రాసి చూశాడు. "ఎడమ దవడ దగ్గర తొందరపడ్డావు. రేపు సరిచేసుకుందువు గాని."

"రేపు ఇక్కడుంటానని ఎవరన్నారు?"

"కత్తి ఎవరి దగ్గరుంటే తాళం వాళ్ళే తియ్యాలి," అని తాళంచెవులు గళ్ళబల్ల మీద, చచ్చిన గురువు పక్కన పెట్టాడు.

సోమవారం పొద్దున షటర్ ఎత్తింది ఆమే. ఆయన ఆ వెనకే లోపలికెళ్ళి నురుగు గిలక్కొట్టాడంటే, గిన్నె పొంగి గుమ్మం దాకా వచ్చిందంటే, ఎందుకో మా ఆవిడ ఇదీ నమ్మడం లేదు.