వెంకటేశ్వరమ్మ థర్మామీటరు

చిలకలూరిపేట దగ్గరి ఆ ఊళ్లో ఎవరికి ఒళ్లు వెచ్చబడినా వెంకటేశ్వరమ్మ గుమ్మం ఎక్కాల్సిందే. థర్మామీటరున్నది ఆవిడ దగ్గరే మరి. చదివింది మూడో తరగతి. అయినా తొంభై ఎనిమిది దాటితే జ్వరమనీ, నూట మూడైతే పేట ఆస్పత్రికి పరిగెత్తాలనీ ఆవిడకు కంఠతా వచ్చు. దాన్ని కళ్లజోడు పెట్టెలో దాచేది, కోడళ్లను కూడా ముట్టుకోనిచ్చేది కాదు. నుదుటి మీద చెయ్యేస్తే ఏం తెలుస్తుంది, అంకె చెప్పాలి గానీ అని అందరినీ దెప్పేది. కాస్త గొప్పే లెండి.

రెండువేల మూడు మాఘమాసంలో అది జారి పగిలింది. అల్లుడు గుంటూరులో ఎక్కడో కొని, చిన్న తెర మీద అంకెలు కనబడే కొత్తది పంపాడు.

వారం తిరక్కముందే, కళ్లంలో తాలు మిరపకాయలు ఏరుతున్న ఆవిడ దగ్గరికి ఆరేళ్ల మనవరాలు అన్విత వణుకుతూ వచ్చింది. నుదురు తాకితే చెయ్యి చురుక్కుమంది. ఇంటికి ఎత్తుకెళ్లి చంకలో థర్మామీటరు పెట్టింది. నలభై.

తొంభై ఎనిమిది ఉండాల్సిన చోట నలభై! పిల్ల ఒళ్లు చల్లబడిపోతోందనుకుంది వెంకటేశ్వరమ్మ. తీసి మళ్లీ పెట్టింది. అదే నలభై. పాదాలు పట్టుకుంటే నిజంగానే చల్లగా తగిలాయి. ఇంకేముంది, రెండు దుప్పట్లు కప్పి, తలుపులు మూసి, అరికాళ్లకు శొంఠిపొడి రుద్దుతూ కూర్చుంది. కాసేపటికి పిల్ల కళ్లు తేలేసింది.

ఆవిడ ఏడుపు విని పక్కింటి సైన్సు మాస్టారు గురునాథం గారు పరిగెత్తుకొచ్చారు. అంకె చూసి, దుప్పట్లు లాగేసి, తడిగుడ్డతో పిల్ల ఒళ్లంతా తుడవమన్నారు. పాతది ఫారెన్‌హీట్‌లో చూపేదనీ, ఇది సెల్సియస్‌లో చూపుతుందనీ, ఇందులో నలభై అంటే పాతదాంట్లో నూట నాలుగనీ తుడుస్తూనే చెప్పారు. కాలిపోతున్న పిల్లను ఆవిడ తన చేతులతోనే ఉడకబెట్టింది.

ఆటోలో పేటకు తీసుకెళ్లారు. సెలైను ఎక్కాక, సాయంత్రానికి అన్విత కళ్లు తెరిచి మంచినీళ్లు అడిగింది. అప్పుడు గానీ మాస్టారు ఆ మాట అడగలేదు.

"నుదుటి మీద చెయ్యేసి చూడలేదా పిన్నిగారూ?"

"చూశాను మాస్టారూ. కాలింది. పొద్దుటినుంచీ కాయలు ఏరిన చెయ్యి కదా, మిరపకాయల మంటేమో అనుకున్నా."

ఇప్పటికీ ఎవరైనా జ్వరమని వస్తే ఆవిడ ఆ పెట్టె తీస్తుంది. కాకపోతే ముందు వంగి, వాళ్ల నుదుటికి తన చెంప ఆనిస్తుంది.