కినత్తుకడవు కేరవాన్ గోడలో చెమ్మ

మిల్లులో ముప్పై ఏళ్లు పత్తి గోడౌన్ చూసుకున్నాను. బేలు విప్పకముందే లోపల చెమ్మ ఉందో లేదో వాసన పట్టి చెప్పేవాణ్ని. పని మానుకున్నాక నా భార్య ఊళ్లు తిరుగుదామంది. లాడ్జి పరుపులు ఆమెకు పడవు, నాకు గంటకోసారి బాత్‌రూమ్ కావాలి. అందుకని మంచం, పొయ్యి, మరుగుదొడ్డి అన్నీ లోపలే ఉండే కేరవాన్ బండి ఒకటి, పాతదైనా సరే, కొందామనుకున్నాం.

కినత్తుకడవు దగ్గర ఒక కొబ్బరితోటలో అలాంటిది అమ్మకానికి ఉందని తెలిసి ఫోన్ చేశాను. తోట ఆయనా నేనూ అరవంలోనే మాట్లాడుకుంటున్నాం. ఇంతలో అవతలినుంచి ఒక ముసలామె గొంతు వినబడింది. "ఎవురురా, బండికా?"

"మీరు మనోళ్లా?" అన్నాను తెలుగులో.

అతను నవ్వాడు. "ఆమా అన్నా, మనోళ్లే. రాండి, వచ్చి చూడండి."

అంతే, సగం బేరం అక్కడే కుదిరిపోయినట్టు అనిపించింది నాకు. ఎన్ని తరాల కిందట ఈ అరవనాడుకు వచ్చామో సరిగా చెప్పలేం గానీ, ఇంట్లో మాట వదలని వాళ్లం. ఆ మాట వినబడితే చాలు, నమ్మేస్తాం.

ఐప్పసి నెల వానలు వెలిసిన వారం అది. గాంధీపురంలో బస్సెక్కి, ఉక్కడంలో మారి, మధ్యాహ్నానికి తోట చేరాం. అతనికి నలభై ఏళ్లుంటాయి. తెల్లటి బండి, కడిగి తుడిచి తళతళలాడుతోంది. తలుపు తీస్తే, లోపల మంచం మీద వాళ్లమ్మ పడుకుని ఉంది.

"అమ్మా, లేయి. వాళ్లు చూడాల," అన్నాడు.

ఆమె చీర సర్దుకుంటూ లేచి తలుపు పక్క సీటులో కూర్చుంది. "ఇంట్లో ఉక్క నాయనా. ఈడ ఏసీ ఉండాది, దినమూ మధ్యాన్నం ఈడనే పండుకునేది," అంది నాతో.

లోపల అడుగు పెట్టగానే నాకు తెలిసిపోయింది. అగరొత్తులూ సెంటూ కలిపి కొట్టారు గానీ, వాటి అడుగున తడిసి మాగిన చెక్క వాసన. నోటిదాకా వచ్చింది మాట, ఆపేశాను. నా భార్య అప్పటికే బుల్లి పొయ్యి ముందు నిలబడి, గిన్నెలు ఎక్కడ పెట్టుకోవాలో చూసుకుంటోంది. పెళ్లయిన కొత్తలో మిల్లు క్వార్టర్సు తాళం చేతికొచ్చిన రోజు ఆమె మొహం అలాగే ఉండింది. చిన్న చెమ్మే అయ్యుంటుందిలే, నేనే బాగుచేసుకుంటాను అనుకున్నాను.

అయినా చూడాల్సినవి చూశాను. కిటికీ మూలల్లో బొటనవేలితో నొక్కాను, గట్టిగానే ఉన్నాయి. సింకు కింద చెయ్యి పెట్టాను, పొడిగానే ఉంది. నిచ్చెన వేసుకుని పైకప్పు చూస్తే, గాలి కిటికీ చుట్టూ పాత పగుళ్ల మీద కొత్త తెల్ల సీలెంటు మందంగా పూసి ఉంది.

"ఇదేమి తమ్ముడూ?" అన్నాను దిగుతూ.

"సుమ్మా, ఊరికే ఒక సేఫ్టీకి అన్నా."

వాళ్లమ్మ తలెత్తింది. "సేఫ్టీ ఏమిరా? వాన కురిస్తే ఆడనే కదా కారేది. నేను తలకాడ చెంబు పెట్టుకుంటా."

అతను గబుక్కున వాళ్లమ్మ వైపు తిరిగాడు. నా భార్య పొయ్యి మీది చెయ్యి తీసేసింది.

నేను లోపలికి, మంచం తలవైపుకు వెళ్లాను. గోడకు కొత్తగా పూల కాగితం అంటించారు. దానిమీద బొటనవేలు పెట్టి నొక్కాను. ఉడికిన చిలగడదుంపలో దిగినట్టు వేలు మొదలంటా దిగిపోయింది. తీస్తే గోధుమరంగు నీళ్లు సన్నగా కారాయి. పై మూల ఎలా ఉందో చూద్దామని, మంచం పైన గోడకు బిగించిన సామాన్ల అర తెరవడానికి పిడి పట్టి లాగాను.

అర తలుపు తెరుచుకోలేదు. అర మొత్తం ఊడి వచ్చింది.

గోడ చెక్కతో సహా, లోపలున్న ఇత్తడి గిన్నెలు, ఇస్త్రీపెట్టెతో సహా దిండు మీద పడింది. ఇస్త్రీపెట్టె మొన దిండులో దిగబడింది. ముసలామె తల పెట్టుకున్న గుంట ఇంకా ఆ దిండు మీద అలాగే ఉంది. ఆమె లేచి పది నిమిషాలైనా కాలేదు.

నా భార్య కేక పెట్టింది. గోడ వెనక చట్రం నల్లగా కుళ్లిపోయి, దానిమీద తెల్లటి బూజు పొరలు పొరలుగా ఉంది. మేకులు దేన్నీ పట్టుకోకుండా వేలాడుతున్నాయి. వాటి మధ్యనుంచి ఏసీ వైరు తడితడిగా పోతోంది.

"ఫస్టు ప్లగ్గు తియ్యి!" అని అరిచాను.

అతను పరుగెత్తి ప్లగ్గు పీకి వచ్చి, మెట్టు మీద కూలబడ్డాడు. "కారేది తెలుసు అన్నా. కాగితం అంటించింది నేనే. ఇంత ఉండాదని తెల్లేదు. సత్యంగా తెల్లేదు."

"మాకు అమ్మేకి మూసినావు, సరే," అంది నా భార్య. "దాని కింద మీ అమ్మను ఎట్లయ్యా పండబెడితివి?"

"వాణ్ని ఏమీ అనొద్దమ్మా. నేనే కదా చల్లగా ఉండాదని పండుకునేది," అంది ముసలామె. లేచి వచ్చి, దిండు మీది ఇస్త్రీపెట్టెను రెండు చేతులా ఎత్తింది. దాని బరువు చేతికి తెలిసినట్టుంది. అలాగే పట్టుకుని కొడుకు వైపు చూసింది. అతను మోకాళ్లలో మొహం దాచుకున్నాడు.

నాకు అతన్ని తిట్టే నోరు లేకపోయింది. "వాసన నాకు తలుపు దగ్గరే తగిలింది. నేనూ చెప్పలేదు," అన్నాను. నా భార్య నా వైపు తిరిగి చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేను. బస్సులో ఉక్కడం దాకా ఆమె నా పక్కన కాకుండా ముందు సీటులో కూర్చుంది.

నాలుగో రోజు అతను ఫోన్ చేశాడు. గోడలన్నీ విప్పేశాడట. ఒక పక్క చట్రం చేత్తో నలిపితే పొడి అయిందట. "ఎవురికీ అమ్మను అన్నా. పైదంతా తీసేసి, కొబ్బరికాయలు తోలేకి పెట్టుకుంటా," అన్నాడు. తర్వాత వాళ్లమ్మ ఫోన్ తీసుకుని, నా భార్యకు ఇమ్మంది. కొడుకు తన గదిలోనే ఏసీ పెట్టించాడని, దాని చప్పుడుకు నిద్ర పట్టడం లేదని చాలాసేపు చెప్పింది. నా భార్య ఫోన్ చెవికి ఆనించుకుని అన్నిటికీ ఊ కొడుతూ కూర్చుంది.