బాబాయి కారుకి పరామర్శలు

నిన్న మా కారుని సర్వీసుకిచ్చి అద్దాల గదిలో కూర్చున్నాను. ఏసీ వణికిస్తోంది, కాఫీ నీళ్లలా ఉంది. మన బండి మీద ఓసారి చెయ్యేసి వద్దామని లేస్తే, లోపలికి ఎవరినీ రానివ్వమండి అంది ఒకమ్మాయి, అదీ నవ్వుతూనే. పనయ్యాక ఫోన్‌కి మెసేజి వస్తుందట. నాకు ఒళ్లు మండింది. అక్కడ మా బాబాయే ఉండుంటే ఆ అద్దాలు మిగిలేవి కావు.

బాబాయిది పాత తెల్ల డీజిలు కారు. మా ఊళ్లో సగంమంది పెళ్లికొడుకులు అందులోనే విడిదికి వచ్చారు. ఒక ఏడు పెద్దాపురం మరిడమ్మ జాతరకి వెళ్తుంటే అది దారిలో ఆగిపోయింది. పిన్ని పుట్టిల్లు పెద్దాపురమే. కొత్త పట్టుచీరతో, పుట్టింటివాళ్లందరి ఎదుటా అరటిగెలల వ్యానులోంచి దిగాల్సొచ్చింది పాపం. మళ్లీ జాతర దగ్గరపడగానే తేల్చి చెప్పేసింది. "ఈసారి దారిలో ఒక్కసారి ఆగిందంటే అమ్మేద్దామండి. ఇంక నేనేమీ మాట్లాడను." పిన్ని మాట్లాడనందంటే సంగతి ముదిరినట్టే. బాబాయికి అన్నం సయించలేదు. మర్నాడే రావులపాలెంలో తెలిసిన మెకానిక్ షెడ్డుకి తీసుకెళ్లి, ఆయిలు, ఫిల్టర్లు, బెల్టులు, బ్రేకులు, క్లచ్చి, ఏదీ వదలకుండా పెద్ద సర్వీసు చేసిపెట్టమన్నాడు.

చెప్పేసి ఇంటికొస్తే ఆయన బాబాయి ఎందుకవుతాడు! షెడ్డులోనే కుర్చీ వేయించుకుని, బానెట్ ఎత్తిన కారు పక్కన, ఆపరేషన్ గది బయట కూర్చున్నవాడి మొహంతో కూర్చున్నాడు. ఆ కబురు చుట్టాలకి తెలిసింది. మా వైపు మంచాన పడ్డవాళ్లని చూసి రాకపోతే మాటొస్తుంది. మనిషా కారా అని ఎవరూ ఆలోచించలేదు, తలా ఓ అరటిపళ్ల అత్తం పట్టుకుని బయల్దేరారు. అరటిగెలల మార్కెట్టుకి పేరుపడ్డ రావులపాలెంలో ఉన్నవాడికి అరటిపళ్లేంటో! ఏం చెప్పను, నేనూ పట్టుకెళ్లాను. పెదనాన్నగారు ఇంజన్‌లోకి తొంగిచూసి, బాగా నీరసించిపోయిందయ్యా అని బాబాయి భుజం తట్టారు. బయట ఎండ మండిపోతోంది కదా, మా మావయ్య కార్లోనే కూర్చుని, ఫ్యాను వేసుకుని, పాటలు పెట్టుకుని మరీ పరామర్శించాడు. ఆయన్ని చూసి తర్వాత వచ్చినవాళ్లంతా అదే పని. దిగండి అనడానికి నోరు రాక, మెకానిక్ అందరికీ టీలు తెప్పించేవాడు.

జాతరకి వెళ్లే రోజు పిన్నీ నేనూ నేరుగా షెడ్డుకే వెళ్లాం. సాగనంపడానికి చుట్టాలు అప్పటికే అక్కడున్నారు. బాబాయి దేవుడికి దణ్ణం పెట్టుకుని తాళం తిప్పాడు. కారు కిక్కురుమనలేదు. పరామర్శల్లో బ్యాటరీ కాస్తా హరించుకుపోయింది. పిన్ని బాబాయికేసి చూసింది. వేరే బ్యాటరీ తెస్తానని మెకానిక్ మొత్తుకుంటున్నా వినకుండా, తోస్తే పోలా అని అందరూ కారు వెనక చేరారు. చివరికి పిన్ని కూడా పట్టుచీర చెంగు బొడ్లో దోపుకుని ఓ చెయ్యి వేసింది. రొప్పుతూ రోజుతూ తోయగా తోయగా, ఒక్క కుదుపుతో ఇంజన్ అందుకుంది.

అందుకుని అటే వెళ్లిపోయింది. ఆపితే ఎక్కడ ఆరిపోతుందో, ఆరిపోతే పిన్ని ఎక్కడ అమ్మించేస్తుందోనని హడలిపోయి, బాబాయి మమ్మల్ని ఎక్కించుకోకుండానే పోయాడు. కాసేపటికి వెనక్కి తిరిగొచ్చి, కిటికీలోంచి చెయ్యూపుతూ, ఎక్కెయ్యండి ఎక్కెయ్యండి అంటూ మా ముందునుంచే సాగిపోయాడు. ఆపకుండా ఎక్కడానికి మేమేమన్నా బస్సు క్లీనర్లమా! మళ్లీ వచ్చేసరికి పిన్ని వెళ్లి రోడ్డుకి అడ్డంగా నిలబడింది. బాబాయి గుండె చిక్కబట్టుకుని బ్రేకు తొక్కాడు. కారు ఆగింది, ఇంజన్ మాత్రం డుగడుగలాడుతూనే ఉంది.

పిన్ని ఎక్కి కూర్చుని, అరటిపళ్లు ఒళ్లో పెట్టుకుని, గోదావరి వంతెన దాటేదాకా నోరు విప్పలేదు. నేను వెనక సీట్లో సర్దుకున్నాను.

"దీన్ని అమ్మే మాట ఇంక ఎత్తనులెండి," అంది చివరికి. "కొన్నవాళ్లు పాపం, తోయడానికి ఇంతమందిని ఎక్కణ్ణించి తెచ్చుకుంటారు?"

నిన్న నా ఫోన్‌కి మెసేజి వచ్చింది. కారు తళతళలాడుతూ వచ్చి నిలబడింది. ఏమైందని అడిగినవాళ్లు లేరు, ఒక్కణ్ణే ఎక్కి ఇంటికొచ్చాను. బాబాయి కారు ఇప్పటికీ నడుస్తూనే ఉంది. తోసేవాళ్లమే ఏడాదికేడాదీ తగ్గిపోతున్నాం.