లాకుల దగ్గర ఒక్క గుటక

మా ఊరి కాలేజీ కుర్రాళ్ల చేత తాగుడు మాన్పించింది నేనేనని పాతికేళ్లుగా చెప్పుకు తిరుగుతున్నాను. కాలవ లాకుల దగ్గర ఒంటిచేత్తో నలభై మందిని పట్టుకున్నానని, చేతికర్ర ఝళిపిస్తే సీసాలు వదిలేసి కాలవలోకి దూకారని చెబితే వినేవాళ్లు పడీపడీ నవ్వేవారు. ఆ నవ్వు కోసం మరో పదిమందిని కలిపేవాణ్ణి. నలభై అబద్ధం. పట్టుకున్నది ఒక్కణ్ణి. కాలవలోకి ఎవరూ దూకలేదు.

మద్యనిషేధం ఎత్తేసిన కొత్తల్లో సంగతి. డిగ్రీ కాలేజీకి కూతవేటు దూరంలో రెండు బ్రాందీ షాపులు వెలిశాయి. నేను ఆ కాలేజీ ఆఫీసులో గుమస్తాని. లంక గ్రామాల నుంచి వచ్చి గదులు అద్దెకు తీసుకున్న పిల్లలు, ఇంకా మీసం సరిగా రానివాళ్లు, సాయంత్రమయ్యేసరికి లాకుల మెట్ల మీద చేరి సీసా చేతులు మార్చుకునేవారు. బట్టలుతకడానికి వచ్చే ఆడవాళ్లు ఆ మెట్లు దిగడం మానేశారు. గాజుపెంకు గుచ్చుకుని ఒకావిడ నెల్లాళ్లు కుంటింది. అప్పుడు ఊరి పెద్దలు కమిటీ వేశారు. రిటైరైన హెడ్మాస్టారు అధ్యక్షుడు. మిగతావాళ్లకి తలో సాయంత్రం కాపలా.

దొరికిన కుర్రాణ్ణి కొట్టకూడదు, పోలీసులకు అప్పజెప్పకూడదు. కమిటీ పేరున ఇంటికి ఉత్తరం రాయాలి. అదీ పోస్టుకార్డు మీదే రాయాలని హెడ్మాస్టారి పట్టు.

"కవరయితే తండ్రొక్కడే చదువుకుని బీరువాలో దాచేస్తాడండి. కార్డయితే పోస్టుమేను చదువుతాడు, నలుగురూ వింటారు. సిగ్గేస్తే గాని మనిషి మారడు," అన్నారాయన.

అందరం తలూపాం. అందులో తప్పేమిటో ఒక్కడికీ తోచలేదు.

నెల గడిచినా నా వంతు రోజున ఒక్కడూ దొరకలేదు. "ఏవండోయ్ గుమస్తాగారూ, మీరొస్తున్నారని ముందే టముకేయిస్తారా ఏంటి?" అన్నారు హెడ్మాస్టారు మీటింగులో. కమిటీ అంతా పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను.

అసలు సంగతి వాళ్లకి తెలియదు. కాపలా లేని సాయంత్రాలు నేను బ్రాందీ షాపు వెనక బల్ల మీదే ఉండేవాణ్ణి. లాకుల దగ్గర చేరే సీనియర్ కుర్రాళ్లు నాకు అక్కడే పరిచయం. వాళ్ల పేర్లు నేను కార్డు మీదకెక్కిస్తే నా పేరు వాళ్లు ఊరి మీదకెక్కించడం ఖాయం.

మళ్లీ నా వంతు వచ్చింది. ఇంకా ఎండ పోలేదు. మెట్ల మీద నలుగురున్నారు. అందులో ఒకడు, మొదటి సంవత్సరం వాడు, పదిహేడేళ్లుంటాయేమో, సీసా ఎత్తి ఒక్క గుటక వేశాడు. పొలమారి సగం కక్కేశాడు. కళ్లనీళ్లు తుడుచుకుంటుంటే మిగతా ముగ్గురూ నవ్వారు. నన్ను చూసి ఆ ముగ్గురూ తాపీగా లేచి, "నమస్కారమండీ" అని తమలో తాము నవ్వుకుంటూ వెళ్లిపోయారు. సీసా వీడి చేతిలో ఉండిపోయింది. ఆఫీసు కిటికీ వెనక తప్ప వీడు నన్నెక్కడా చూసి ఉండడు. నాకు కావలసిందీ అదే.

"మీవాడు రోజూ తాగి లాకుల మెట్ల మీద దొర్లుతున్నాడు. కాలేజీ మొహం చూడడం లేదు," అని రాశాను. రోజూ అన్నది నేను కలిపింది. దొర్లడమూ నేను కలిపిందే. ఒక్క గుటక అని రాస్తే హెడ్మాస్టారు మళ్లీ నవ్వుతారని భయం. అంతా రాశాక కార్డులో ఇంకా కాస్త చోటు మిగిలింది. "చెడు సావాసాలు కూడా," అని అదీ నింపేశాను.

నాలుగో రోజున తండ్రి మా ఆఫీసుకి వచ్చాడు. కౌలు రైతు. పంచె అంచున ఎండిన బురద. వెనకాల కొడుకు.

"ఆయ్, ఈడి టీసీ ఇప్పించండి బాబూ. పోస్టుమేను టీకొట్టు కాడ సదివేడండి. ఊరంతా ఇన్నారు. ఆళ్లమ్మ గడప దాటట్లేదండి."

"ఒక్క గుటకే నాన్నా, అదీ మొదటిసారి," అన్నాడు కుర్రాడు. "సార్ అక్కడే ఉన్నారు. కావాలంటే అడుగు."

తండ్రి నా వైపు తిరిగాడు. "మీరు సూశారంటగా అండీ. ఒక్కసారేనా? ఒక్కసారే అయితే సెప్పండి, నాలుగు తన్ని ఇక్కడే వదిలేసి పోతాను. మా ఇంట్లో కాలేజీ మెట్టెక్కింది ఈడొక్కడేనండి."

ఒక్కసారేనండీ అంటే చాలు. కాని అలా అంటే, మరి రోజూ అని రాసిందెవరని అడుగుతాడు. అది తేలితే హెడ్మాస్టారి దాకా పోతుంది. అక్కణ్ణించి షాపు వెనక బల్ల దాకా రావడానికి ఎంతసేపు?

"కమిటీవాళ్లు ఊరికే రాయరు కదండీ," అన్నాను.

కుర్రాడు నా మొహంలోకి ఒకసారి చూసి తల దించుకున్నాడు.

టీసీ రాశాను. ప్రవర్తన అన్న గడిలో అలవాటు కొద్దీ "గుడ్" అని రాశాను. తండ్రి కాగితం కొడుకు చేతికిచ్చి ఏం రాశారో చదవమన్నాడు.

"నా ప్రవర్తన మంచిదని రాశారు."

ఆ మాటకి ఆయన మొహం వికసించింది. "అదేంటి బాబూ, మంచోడని మీరే రాశారుగా?"

"అది అందరికీ అలాగే రాస్తామండి," అన్నాను.

తర్వాత నేను బస్టాండుకి పరిగెత్తి, కదిలే బస్సాపి, నిజం చెప్పి కుర్రాణ్ణి వెనక్కి తీసుకొచ్చానని ఒకరిద్దరికి చెప్పాను. లేదు. కుర్చీలోంచి లేవలేదు. తండ్రీకొడుకులు గదికెళ్లి సామాను సర్దుకుని కాలేజీ ముందు నుంచే బస్టాండుకి పోతుంటే కిటికీలోంచి చూశాను. తండ్రి నెత్తిన ట్రంకుపెట్టె. కొడుకు అందుకోబోతే ఇవ్వలేదు.

మీటింగులో హెడ్మాస్టారు నా చెయ్యి పట్టుకుని ఊపారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఓ వారం లాకుల దగ్గర ఎవరూ కనపడలేదు. తర్వాత కుర్రాళ్లు గదుల్లో తలుపులేసుకుని తాగడం నేర్చారు. మెట్లు శుభ్రంగా ఉన్నాయి గనక ఊరు బాగుపడిందనుకుని కమిటీ కూడా చల్లబడింది.

ఆ మీటింగు అయిన సాయంత్రమే షాపు వెనక్కి వెళ్లాను. బల్ల మీద ఆ ముగ్గురూ ఉన్నారు.

"రండి గుమస్తాగారూ, ఇవాళ డ్యూటీ లేదాండీ?" అని ఒకడు పక్కకి జరిగాడు.

"మావాడు గది ఖాళీ చేశాడేంటండీ, మీకేమైనా తెలుసా?" అన్నాడు ఇంకొకడు.

"ఊరెళ్లాడు," అన్నాను. వాడు జరిగి ఇచ్చిన చోట కూర్చున్నాను.