రంజాన్‌కు చేసిన బల్ల

కారు అమ్మేశాక ఖాళీ అయిన షెడ్డులో రామకాంత్ పనిబల్ల చేశాడు. వినుకొండ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైన మనిషి. ఏనాడూ రంపం పట్టలేదు. రెండు ప్లైవుడ్ ముక్కలకు జిగురు పూసి ఒకదానిమీద ఒకటి అంటించాడు. పైన సిమెంటు బస్తా పెట్టి ఒక రోజంతా ఆగాడు. తరువాత కాళ్లు బిగించాడు.

"షెడ్డులో పందిరిమంచం వేస్తున్నారా ఏమిటి?" అంది భార్య శ్యామలాంబ.

"పనిబల్ల."

"ఎవరి పనికి?"

రామకాంత్ బల్లమీది దుమ్ము తుడిచాడు.

నాలుగేళ్ల కిందట, గృహప్రవేశం రెండు రోజులుందనగా, వడ్రంగి రంజాన్ ఇదే షెడ్డులో అల్మారా తలుపులకు ప్లైవుడ్ కోస్తున్నాడు. షీటు నేలమీద పరిచి, కాలితో తొక్కిపెట్టి, మిషను రంపం ఆన్ చేశాడు. "సారూ, ఆ చివర కాస్త పట్టుకోండి" అన్నాడు. రామకాంత్ పట్టుకున్నాడు. జేబులో ఫోను మోగింది. వంటవాళ్లు. చెయ్యి వదిలాడు. షీటు జరిగింది, మిషను ఎగిరింది. రంజాన్ ఎడమచేతి వేళ్లు రెండు పోయాయి.

రంజాన్ తొందరపడ్డాడని అందరూ అన్నారు. రామకాంత్ విన్నాడు, కాదనలేదు. ఆసుపత్రి చుట్టూ తిరిగినందుకు అతనికి మంచివాడని పేరు కూడా వచ్చింది. ఇంకో వడ్రంగిని మాత్రం ఇంటికి రానివ్వలేదు. అల్మారాకు ఇప్పటికీ తలుపుల్లేవు. శ్యామలాంబ పాత చీర అడ్డం కట్టింది.

రంజాన్ ఇప్పుడు కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల టిక్కీ బస్తాలమీద రంగుతో నంబర్లు వేస్తున్నాడు. రామకాంత్ కబురు పెడితే ఆదివారం పొద్దున వచ్చాడు. చొక్కానిండా మిరప ఘాటు. బల్ల చుట్టూ తిరిగి, అరచేత్తో తోసి చూశాడు.

"గట్టిగానే చేశారు. ఎత్తే ఎక్కువైంది."

"నీ కోసమే చేశాను."

రంజాన్ నవ్వాడు. "నేను నేలమీద కూర్చుని చేసేవాణ్ణి సారూ. దీని ముందు నిలబెట్టి నా నడుం విరగ్గొడతారా?"

రామకాంత్ నవ్వలేదు. అతని చూపు ఆ ఎడమచేతి మీదే ఉంది.

"ఆ రోజు షీటు దానంతటది జరగలేదు రంజాన్. నేను వదిలాను."

"తెలుసు. ఫోను మోగడం నాకూ వినపడింది."

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"మీరు చెబుతారని చూశా."

బయట టిక్కీల లారీ ఒకటి పోయింది. ఇద్దరూ తుమ్మారు.

"కాళ్లు అడుగున్నర కోసేస్తే సరిపోద్ది" అన్నాడు రంజాన్. "మీరు పట్టుకోవాల. ముందు ఆ ఫోను లోపల పెట్టి రండి."

రామకాంత్ ఇంట్లోకి వెళ్లి, చీర పక్కకు జరిపి, ఫోను ఆపేసి అల్మారాలో పెట్టాడు. ఆగేముందు అది టింగుమంది.

"ఎవరండీ ఫోను?" అంది శ్యామలాంబ వంటింట్లోంచి.

"ఎవరూ కాదు. కాసేపట్లో వచ్చి చెబుతా, నీకూ చెప్పాలి."

అతను వచ్చేసరికి రంజాన్ ఒక్కడే బల్లను బోర్లించి, పక్కన నేలమీద కూర్చుని, మూడు వేళ్లతో కొలబద్ద అదిమి గీత గీస్తున్నాడు. రామకాంత్ ఎదురుగా కూర్చుని, మొదటి కాలును రెండు చేతులా పట్టుకున్నాడు.