ఆ ఆదివారం వెయ్యని రీలు

కొన్నేళ్ళుగా నేనొక మనిషి కుంటినడకను మోస్తున్నాను. అడుగు వేసేది అతను, బరువు నాది. ఈ సంగతి మా ఇంట్లో తెలియదు. ఆఫీసులో తెలియదు. అతనికీ తెలియదు. అన్నిటికన్నా బరువైనది అదే. పేరు రాసుకునే ధైర్యం లేదు కనక పేరు లేకుండానే మీకు చెబుతున్నాను. మధ్యలో నా తరఫున నేనే వాదించుకుంటే నమ్మకండి.

డిప్లొమా చేతికొచ్చాక, ఉద్యోగం దొరికేదాకా, ప్రొద్దుటూరులో ఒక సినిమాహాల్లో ఆపరేటరుగా ఉన్నాను. మెషీనులో ఏ చక్రం దేన్ని తిప్పుతుందో, కార్బన్ పుల్లల మధ్య ఎంత ఎడం ఉంటే తెరమీద వెలుగు తెల్లగా పడుతుందో నాకు బాగా తెలుసు. దేన్నయినా వరుసలో పెట్టి, పనికొచ్చేది ఇటు, పనికిరానిది అటు అని విడదీయడం నాకు చదువు నేర్పిన అలవాటు. ఆ అలవాటును చూసుకుని గర్వపడేవాడిని కూడా.

ఆదివారాలు పొద్దున పూట ఇంగ్లీషు సినిమా వేసేవాళ్ళం. అది ఎంత పొడుగున్నా, మ్యాట్నీకి తెలుగు సినిమా జనం గేటు దగ్గర చేరేలోగా ముగియాలి. ముగియదని తోస్తే ఒక రీలు తీసి పక్కన పెట్టేసేవాళ్ళం. మాటలు ఎటూ అర్థం కావు కనక ఎవరూ అడిగేవారు కారు.

ఆ వారం వచ్చింది బేస్‌బాల్ సినిమా. మా ఊళ్ళో ఆ ఆట చూసినవాడు లేడు. కర్రతో బంతిని కొట్టి, నాలుగు మూలల్లో పరిచిన మెత్తలను తాకుతూ చుట్టి రావాలి. కథ ఒక పల్లెటూరి ఆటగాడిది. మెత్తను అందుకోవాలని నేలమీద జారి, కాలు విరగ్గొట్టుకుంటాడు. చివరికి అదే మైదానంలో, అదే మెత్త దాకా పరుగెత్తి తన జట్టును గెలిపిస్తాడు. శనివారం రీళ్ళు సరిచూసేటప్పుడే సినిమా మొత్తం చూశాను. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. వెంటనే మాబు గుర్తొచ్చాడు.

మాబు నా స్నేహితుడు. చిన్నప్పుడు ఒకే బడి. వాళ్ళది మగ్గం ఇల్లు. వాళ్ళ నాయన తర్వాత మగ్గంలో కూర్చోవలసినవాడు అతనే. చెడుగుడులో అతన్ని పట్టి ఆపగలిగినవాడు మా వైపు లేడు. ఆ మధ్య ఆటలో మోకాలి కింద ఎముక విరిగింది. కట్టు కట్టే తాత వెదురు బద్దలు పెట్టి, కోడిగుడ్డు సొన, మినపపిండి పూసిన గుడ్డ చుట్టి, రెండు అమావాస్యలు దాటేదాకా కాలు నేలకు ఆనించవద్దన్నాడు. ఇంకా ఒక్క అమావాస్య కూడా దాటలేదు. మాబు గోడవైపు తిరిగి పడుకుంటున్నాడని వాళ్ళమ్మ నాతో చెప్పుకుని బాధపడింది. ఈ సినిమా చూస్తే లేచి కూర్చుంటాడనిపించింది. నా ఉద్దేశం మంచిదే. చూశారా, అప్పుడే వాదన మొదలుపెట్టాను.

ఆదివారం అతన్ని సైకిలు క్యారియరు మీద కూర్చోబెట్టుకుని తెచ్చాను. కట్టుకాలు పక్కకు చాపుకుని, "దొరలు గూడా బిళ్ళంగోడు ఆడతారా మామా?" అని దారిపొడుగునా నవ్వుతూనే ఉన్నాడు.

హాల్లో అడుగుపెట్టగానే మేనేజరు ఎదురొచ్చాడు. సినిమా పొడుగైందన్నాడు. ఏ రీలు తీయాలో ఆలోచిస్తూ నిలబడితే, "ఏంటికప్పా అంత యోచన? యాదో ఒగటి పక్కన పెట్టు. మ్యాట్నీ లేటయితే జనం తన్నేది నన్ను, నిన్ను కాదు," అన్నాడు.

ఏదో ఒకటి అన్నాడు గాని ఏదని చెప్పలేదు. ఎంచింది నేనే. ఆట లేనిది, పాట లేనిది, తీసేస్తే కథ తెగినట్టు కనపడనిది ఏది? కాలు విరిగిన తర్వాతి రీలు. అందులో అన్నీ మాటలు, మంచం, ఆస్పత్రి. పనికిరానిదనుకుని డబ్బాలో పెట్టి మూత వేశాను. కింద బెంచీ మీద కట్టుకాలు చాపుకుని మాబు కూర్చున్నాడు. ఆ రెంటికీ సంబంధం ఉందని నాకు ఆ క్షణాన తట్టలేదు. తట్టలేదా? తట్టినా, మెషీను తిరగడమే ముఖ్యమనుకున్నానా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

కాబట్టి ప్రొద్దుటూరు జనం చూసింది ఇదీ: ఆటగాడు కాలు పట్టుకుని కేక పెట్టాడు, తెర ఒక్కసారి మినుకుమంది, ఆటగాడు పరుగెత్తుతున్నాడు. ఈలలతో హాలు పైకప్పు రేకులు అదిరాయి.

ఆట వదిలాక మెట్ల దగ్గరికి వెళ్ళాను. మాబు గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడ్డాడు. ముఖం వెలిగిపోతోంది.

"మామా, ఇది మన చెడుగుడే గదా! గీత ముట్టుకుంటే బతికినట్టు, లేకుంటే సచ్చినట్టు. శానా బాగుండాది. ఇంగొకటి చెప్పు. ఆయప్ప కాలు ఇరిగింది గదా, ఎన్నాళ్ళు పండుకున్యాడు? ఇంగ్లీషులో ఏమన్నా చెప్పినారా?"

మేనేజరు రెండడుగుల దూరంలో మ్యాట్నీ జనాన్ని అదిలిస్తున్నాడు. రీలు తీసేశామని బయటపడితే బెంచీలు మిగలవు. తెలియదు అంటే సరిపోయేది. కాని ఆ మెట్ల మీద ఇంగ్లీషు వచ్చినవాణ్ణి నేనొక్కడినే.

"పండుకోలేదు మాబూ. మనసు గట్టిగుంటే కాలు దానంతటదే నిలబడ్తాది అన్న్యారు."

"ఎవురు, డాక్టరా?"

"ఊ. డాక్టరే."

మాబు పగలబడి నవ్వాడు. "అట్లయితే మా కట్టు తాత అమాసల లెక్క చెప్పి నన్ను కూలేసినాడు సూడు! ముసిలోనికి ఏం పనిలేదు."

ఆ తర్వాతి వారం జమ్మలమడుగులో పెన్న ఇసుకలో చెడుగుడు పందెం. చూడ్డానికి వెళ్ళాను. మాబు బరిలో ఉన్నాడు. వెదురు బద్దలు లేవు. కాలికి ఒక గుడ్డ మాత్రం చుట్టి ఉంది. నన్ను చూసి చెయ్యి ఊపాడు. నోరు తెరిచాను. చుట్టూ జనం అరుస్తున్నారు. మూసుకున్నాను. కూతకు వెళ్ళాడు, ఇద్దరిని తాకాడు, వెనక్కి తిరిగాడు, ఆ తెరమీది మనిషిలాగే నేలమీద పొడుగ్గా జారి గీత అందుకున్నాడు. గెలిచాడు. లేవలేదు.

ఈసారి ఎముక వంకరగా అతుక్కుంది. కాలు పొట్టిదైంది. మగ్గం గుంతలో కూర్చుంటే కింద తొక్కే పలక కాలికి అందదు. మగ్గం తమ్ముడికి పోయింది. మాబు ఇప్పుడు వసారాలో ఆడవాళ్ళ పక్కన కూర్చుని రాట్నం మీద నూలు కండెలు చుడుతున్నాడు.

రీలు తీయమన్నది మేనేజరు అని చెప్పుకుంటాను. మాబుది తొందర స్వభావం, నేను ఏమీ అనకపోయినా కట్టు విప్పేవాడేమో అని కూడా చెప్పుకుంటాను. ఇలా ఒక్కొక్కటే పేర్చుకుంటూ పోయి, చివరికి ఆ డాక్టరు దగ్గర ఆగిపోతాను. ఆ సినిమాలో అలాంటి మాట అన్న డాక్టరు లేడు. వాణ్ణి పుట్టించింది నేను. ఎందుకు? మేనేజరు భయమా, గొప్ప కోసమా, స్నేహితుడి ముఖంలో ఆ వెలుగు చెడకూడదనా? మూడూ నిజమేనేమో. మూడు కలిసినా ఒక కాలికి సరిపోవు.

పులివెందులలో ఉద్యోగం వచ్చాక, చెప్పేద్దామని ఒకసారి బస్సెక్కి వెళ్ళాను. వసారాలో పిల్లలు అతని చుట్టూ కూర్చుని ఉన్నారు. ఆ సినిమా కథే చెబుతున్నాడు. నన్ను చూడగానే, "అడగండి ఈ మామను. ఈయనే నాకు సూపించినాడు," అన్నాడు. తర్వాత రాట్నం ఆపకుండానే, "ఆయప్పకు ఉన్న గుండె నాకు లేకపాయ మామా. ఉంటే నేనూ లేసుందును," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

కాలు పోవడమే కాదు, తన గుండె చాలలేదని నమ్ముతున్నాడు. వాళ్ళమ్మ ఇచ్చిన టీ తాగి, తిరుగు బస్సు ఎక్కాను.

ఇది అతని చేత చదివిస్తానో లేదో మాట ఇవ్వలేను. క్షమించమని మిమ్మల్ని అడగను; అది మీ చేతిలోది కాదు. ఇక్కడిదాకా రాశాక ఊపిరి మాత్రం కొంచెం తేలిగ్గా ఆడుతోంది. మిగిలింది ఒక్కటే. ఆ రీలు.

అందులో ఆటగాడు మంచం మీద ఉంటాడు. కాలికి తొడ దాకా సున్నపు కట్టు. కదలవద్దని డాక్టరు గట్టిగా చెబుతాడు. కిటికీ బయట ఆకులు రాలతాయి, మంచు పడుతుంది, మళ్ళీ చిగుళ్ళు వస్తాయి. భార్య బంతిని బీరువాలో దాచేస్తుంది. ఒకసారి అతను మొండికేసి లేవబోయి పడి, ఆమె భుజం మీద తల పెట్టుకుని ఏడుస్తాడు. తర్వాత రెండు కర్రలు. తర్వాత ఒకటి. గుమ్మం నుంచి వీధి మలుపు దాకా, ముసలివాడిలా, ఆగి ఆగి నడుస్తాడు.

ఆ రీలు మొత్తంలో అతను ఒక్కసారి కూడా పరుగెత్తడు.