పక్క సీటు బ్రేకు

డ్రైవింగు నేర్పే ఆవిడను అందరూ బ్రేకు మేడం అంటారు. ఎదురుగా అనరు, వెనకాల అంటారు. ఆ సంగతి ఆవిడకూ తెలుసు. ఆవిడ కారులో రెండు బ్రేకులుంటాయి. ఒకటి నేర్చుకునేవాళ్ళ కాలి కింద, రెండోది పక్క సీట్లో కూర్చునే ఆవిడ కాలి కింద. ఏళ్ళ తరబడి దాన్నే తొక్కి తొక్కి ఆ కుడికాలికి వేరే బుద్ధి లేకుండా పోయింది. బస్సెక్కినా తొక్కుతుంది, సినిమాలో కారు మలుపు తిరిగినా ముందు సీటును తన్నుతుంది. భయం వేస్తే భోజనాల బల్ల కింద నేలను నొక్కుతుంది. "ఇల్లు ఎక్కడికీ పోదులేవే" అంటాడు మొగుడు. ఆయన సీటు కవర్లు కుడతాడు. మాటలు కూడా కొలిచే వాడతాడు.

ఆ శనివారం మధ్యాహ్నం పదో తరగతి చదువుతున్న కూతురు, అన్నం కెలుకుతూ, "అమ్మా, లెక్కలు వదిలేద్దామనుకుంటున్నా" అంది.

ఫైనల్ పరీక్షల్లో ఒక సబ్జెక్టు వదులుకునే వీలు వాళ్ళ బడిలో ఉంది. సోమవారం మధ్యాహ్నం గంట కొట్టేలోగా హెడ్మిస్ట్రెస్‌కు చెప్పాలి. తర్వాత కాళ్ళు పట్టుకున్నా వినరు. లెక్కలు వదిలేస్తే మిగతావాటితో పిల్ల హాయిగా గట్టెక్కుతుంది. కానీ చిన్నప్పటినుంచి ఆశపడుతున్న ఇళ్ళ ప్లాన్లు గీసే కోర్సులో చేర్చుకోరు. వదలకుండా రాసి తప్పితే అన్నీ తప్పినట్టే, ఏడాది మట్టికొట్టుకుపోయినట్టే. ఈ ఏడు జరిగిన రెండు పరీక్షల్లోనూ లెక్కలే తప్పింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"నువ్వేమంటావమ్మా?"

వదిలెయ్ అన్న మాట ఆవిడ నాలుక చివరిదాకా వచ్చింది. మొన్న లెక్కల పరీక్ష రోజు పొద్దున్నే పిల్ల వాంతి చేసుకుంది. బల్ల కింద కాలు నేలను నొక్కుతూనే ఉంది.

"సోమవారం దాకా టైముందిగా. ముందు అన్నం తిను" అంది.

"నాన్నా, నువ్వు?"

"మీ అమ్మ ఎలా అంటే అలా" అన్నాడాయన. గోడ మీది పిల్లి అయినా ఎప్పుడో అప్పుడు ఒక పక్కకు దూకుతుంది, ఈయన దూకడు.

సోమవారం పొద్దున ఆవిడ దగ్గర నేర్చుకున్న మందుల షాపాయనకు లైసెన్సు పరీక్ష. మహా నెమ్మదస్తుడు. నేర్చుకున్నన్నాళ్ళూ ఒక్క కుక్కపిల్లను కూడా బెదరగొట్టలేదు. ఈయన పాసవ్వకపోతే ఇంకెవరవుతారని ఆవిడ ధీమా. పరీక్షకు లైసెన్సు ఆఫీసువాళ్ళ కారే ఇస్తారు. దాన్లో రెండో బ్రేకుండదు. ఆయన చక్కగా బయల్దేరి, చక్కగా మలుపు తిప్పి, ఆగాల్సిన గీత దాటుకుని అంతే చక్కగా పోయి ఇసక బస్తాలను గుద్దాడు. అదృష్టం బాగుండి ఎవరికీ దెబ్బ తగల్లేదు.

"బ్రేకెందుకు వెయ్యలేదండీ?" అని అడిగింది ఆవిడ.

"ఆగాల్సినచోట అదే ఆగుతుందనుకున్నా మేడం" అన్నాడాయన, చెమట తుడుచుకుంటూ.

అక్కడున్నవాళ్ళంతా పగలబడి నవ్వారు. నేర్చుకున్నన్నాళ్ళూ కారును ఆపింది ఆయన కాదు, తన కాలేనని ఆవిడకు మాత్రం తట్టింది. ఇంట్లో పిల్ల లెక్కలు చేసుకుంటుంటే పక్కన కూర్చునేది తనే. పిల్ల మొహం కాస్త వాడితే చాలు, "అది వదిలెయ్ తల్లీ, తర్వాతది చూడు" అనేది తనే. ఇన్నాళ్ళూ అది ప్రేమే అనుకుంది. పోనీ, ఇప్పుడు ఉన్నట్టుండి కాలు తీసేస్తే పిల్ల పోయి గుద్దుకోదని ఎవరు చెప్పగలరు?

మధ్యాహ్నం గంటకు కాస్త ముందు బడి గేటు దగ్గర కారు ఆపి, అలవాటు కొద్దీ పక్క సీట్లోకి జరిగింది. పిల్ల వచ్చి, ఖాళీగా ఉన్న సీటు అదేనని స్టీరింగు ముందు కూర్చుంది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

"నువ్వే చెప్పమ్మా. నువ్వేదంటే అదే చేస్తా."

ఆవిడ కాలు బ్రేకు మీదికి పోయింది. దాన్ని పైకి లాక్కుని, మడిచి, దాని మీద కూర్చుంది.

"నేను చెప్పను. నాకు భయంగా ఉంది. భయంతో చెప్పే మాట నీకు పనికిరాదు. ఇన్నాళ్ళూ కష్టమైన ప్రతి లెక్కా వదిలించింది నేనే. నీకు రాదో, నేనే రానివ్వలేదో నాకు తెలీదు."

"తప్పితే?"

"ఇద్దరం కూర్చుని ఏడుద్దాం."

పిల్ల దిగి లోపలికి వెళ్ళింది. హెడ్మిస్ట్రెస్ గది గుమ్మం గేటులోంచి కనిపిస్తూనే ఉంది. పిల్ల అక్కడే నిలబడింది. తలుపు తోస్తుందా? తొయ్యాలని ఆవిడ కోరుకుంది, తొయ్యకూడదని అంతకంటే గట్టిగా కోరుకుంది. కాసేపటికి పిల్ల వెనక్కి వచ్చి కూర్చుని స్టీరింగు పట్టుకుంది.

"చెప్పలేదమ్మా. ఇంకా గంట కొట్టలేదు. పరిగెత్తి చెప్పేసి రానా?"

చెప్పేసి రా అనబోయి ఆవిడ కాలు దించబోయింది. కాలు తిమ్మిరెక్కిపోయి రాలేదు.

"నా కాలు రావట్లేదే" అంది.

పిల్ల ఆ మడిచిన కాలి వంక చూసింది. వాళ్ళమ్మ కాలు బ్రేకు మీద లేకపోవడం పుట్టి బుద్ధెరిగాక ఇదే చూడటం. లోపల గంట కొట్టారు. ఇద్దరూ కదల్లేదు.

"సాయంత్రం నాకు రాని లెక్క ఒకటి చేస్తా. పక్కన కూర్చో. వదిలెయ్ అనకు" అంది పిల్ల.

అననన్నట్టు ఆవిడ తల ఊపింది.